పాంబన్ వంతెన లేస్తుంది కదా, మరి పెద్ద ఓడలు అటు నుంచి ఎందుకు వెళ్లవు?

అడిగినాయన ప్రశ్న క్లుప్తంగా ఇది. ఈమధ్య కుటుంబంతో రామేశ్వరం వెళ్లారు, రైలు కొత్త పాంబన్ వంతెన మీద వెళ్తుంటే రెండు పక్కలా అంత సముద్రం చూశారు, మధ్య భాగం నిలువుగా పైకి లేస్తుందని విన్నారు. మరి వైజాగ్, కాకినాడ నుంచి కొచ్చి, ముంబై వెళ్లే ఓడలు శ్రీలంక చుట్టూ తిరగడం దేనికి, ఇకనుంచి ఇటే వెళ్లొచ్చు కదా అంటున్నారు. చివర్లో ఇంకో ముక్క కూడా రాశారు: వాళ్ల బావగారు నిజాంపట్నంలో ఒక మరబోటు కొని కేరళ వైపు తీసుకెళ్లాలనుకుంటున్నారట, ఆ బోటుకి ఈ దారి పనికొస్తుందా అని.

సూటిగా చెప్తాను. పెద్ద ఓడలు వెళ్లలేవు, కొత్త వంతెన వచ్చినా వెళ్లలేవు. మీ బావగారి బోటు మాత్రం శుభ్రంగా వెళ్తుంది, కాకపోతే నెల చూసుకోవాలి, పగలు వెళ్లాలి, అక్కడి పోర్టు ఆఫీసు చెప్పినట్టు వినాలి.

నేను కాకినాడలో టగ్ మాస్టర్‌గా పనిచేసి రిటైరయ్యాను. కాకినాడ యాంకరేజ్ గురించి తెలిసినవాళ్లకి తెలుసు, పెద్ద ఓడ దూరంగా లంగరేసుకుని ఉంటుంది, బియ్యం బస్తాలు బార్జిల్లో, అంటే బల్లపరుపు సరుకు పడవల్లో, వెళ్లి దానికెక్కుతాయి. ఆ బార్జిలు లాగడమే మా పని. అప్పుడప్పుడు ఖాళీ బార్జిని పడమటి తీరానికి చేర్చే పని పడేది, అప్పుడు పాంబన్ మీదుగా వెళ్లేవాళ్లం. కాబట్టి ఇది పుస్తకం చూసి రాస్తున్నది కాదు, కొంత చార్టుల మీద చూసింది, ఎక్కువ భాగం వీల్‌హౌస్‌లో (చుక్కాని పట్టే గదిలో) నిలబడి చూసింది.

ముందు ఒక గందరగోళం తీసేద్దాం. పాంబన్ పాస్, రామసేతు, పాక్ జలసంధి, ఈ మూడూ ఒకటే అనుకుని మాట్లాడేవాళ్లు చాలామంది. మూడూ వేరు. మండపం ఒడ్డుకీ రామేశ్వరం దీవికీ మధ్య, వంతెన కింద ఉన్న రెండు కిలోమీటర్ల సందు పాంబన్ పాస్. దీవికి ఆ చివర, ధనుష్కోడి దాటాక అరిచల్‌మునై దగ్గర మొదలై శ్రీలంక వైపు మన్నార్ దీవి తలైమన్నార్ దాకా పరుచుకున్న ఇసుక తిప్పలు రామసేతు, చార్టుల్లో ఆడమ్స్ బ్రిడ్జ్ అని ఉంటుంది. పాక్ జలసంధి ఇంకా ఉత్తరాన, తమిళనాడు తీరం కొన కోడియక్కరైకీ శ్రీలంక జాఫ్నా వైపుకీ మధ్య ఉన్నది. ఇది వెడల్పే, సన్నగా ఉన్న చోట కూడా అరవై కిలోమీటర్ల పైన ఉంటుంది. వీటి మధ్యలో ఉన్న నీళ్లు పాక్ బే. దక్షిణాన ఉన్నది మన్నార్ సింధుశాఖ.

అంటే పాక్ బేని గుమ్మాలున్న ఇల్లు అనుకోండి. ఉత్తరం గుమ్మం పాక్ జలసంధి, వెడల్పుగా ఉంటుంది కానీ గడప ఎత్తు. దక్షిణాన గుమ్మాలు రెండు, పాంబన్, రామసేతు, వాటి గడపలు ఇంకా ఎత్తు. మీరు రైల్లోంచి చూసింది గుమ్మం వెడల్పు. ఓడవాడు చూసేది గడప.

లెక్కలు చూడండి. ఓడ నీళ్లలోకి ఎంత దిగి ఉంటుందో దాన్ని డ్రాఫ్టు అంటాం. వైజాగ్ ఔటర్ హార్బర్‌కీ గంగవరానికీ బొగ్గు, ఇనుప ఖనిజం మోస్తూ వచ్చిపోయే భారీ కేప్‌సైజ్ ఓడల డ్రాఫ్టు లోడుతో 17, 18 మీటర్లు. మధ్యరకం సరుకు ఓడైనా 10 మీటర్లు దిగుతుంది. రామసేతు మీద చాలా చోట్ల నీళ్లు ఒకటి నుంచి మూడు మీటర్లే, మనిషి నడిచి వెళ్లగలిగే తిప్పలు కూడా ఉన్నాయి. పాంబన్ దగ్గర సహజంగా ఉన్న లోతు ఇంకా అన్యాయం, అడుగున రాతి గట్టు అడ్డంగా ఉంటుంది. బ్రిటిష్‌వాళ్లు పంతొమ్మిదో శతాబ్దంలో ఆ రాయిని పేల్చి, తవ్వి ఒక కాలువ చేశారు. అప్పటి గెజిటీర్లలో ఆ కాలువ 14 అడుగుల లోతు, 80 అడుగుల వెడల్పు అని రాశారు. 14 అడుగులంటే నాలుగు మీటర్ల పైచిలుకు, అదీ తవ్వినప్పటి మాట. ఇసుక ఊరుకోదు కదా, అటు నుంచీ ఇటు నుంచీ వచ్చి చేరుతూనే ఉంటుంది. మేము వెళ్లేటప్పుడు మా డ్రాఫ్టు రెండున్నర మీటర్లు దాటకుండా చూసుకునేవాళ్లం. పేపర్ మీద ఎంత రాసి ఉన్నా ఆ రోజు పోర్టు ఆఫీసువాళ్లు చెప్పిన లోతే లెక్క.

ఇక్కడ ఇంకో సంగతి, పడవ నడిపే సరంగులకి తెలిసినా బయటివాళ్లకి తెలియనిది. నీళ్లు మూడున్నర మీటర్లున్నాయి, నా డ్రాఫ్టు మూడు మీటర్లు, అర మీటరు ఉంది కదా అని వెళ్లకూడదు. లోతు తక్కువ నీళ్లలో వేగంగా వెళ్తే ఓడ కిందికి కూర్చుంటుంది, అడుగున నీళ్లు వేగంగా జారి అక్కడ ఒత్తిడి తగ్గిపోతుంది. దీన్ని స్క్వాట్ అంటారు. దానికి తోడు కెరటానికి ముక్కు కిందికి కొడుతుంది. ఈ రెండూ కలిస్తే ఆ అర మీటరు మాయం. కాకినాడ బేలో అయితే అడుగున బురద, తగిలినా కూరుకుంటాం, పోటు వచ్చాక లేచి వస్తాం, మహా అయితే ఆఫీసులో తిట్లు. పాంబన్‌లో అడుగు రాయి. తగిలితే ప్లేటు చీరుతుంది. పైగా అక్కడ ఆటుపోట్ల తేడా కూడా పెద్దగా ఉండదు, మీటరు లోపే, కాబట్టి "పోటుకి లేస్తుందిలే" అనే ధైర్యం అక్కడ పనిచెయ్యదు.

సరే, ఎవరో వచ్చి పాంబన్ కాలువని పది మీటర్లు తవ్వేశారనుకుందాం. అప్పుడైనా పెద్ద ఓడ వెళ్తుందా? వెళ్లదు. ఎందుకో యూట్యూబ్ వీడియోల్లో ఎవరూ చెప్పరు.

పక్కనే రోడ్డు వంతెన ఉంది, అది లేవదు. 1988లో ప్రారంభమైన ఇందిరాగాంధీ రోడ్డు వంతెన కాంక్రీటుది, నడుము దగ్గర ఎత్తుగా కట్టారు, అంతే. దాని కింద పట్టేంత ఎత్తున్న పడవలే అటు ఇటు వెళ్లగలవు. కొత్త రైలు వంతెన మధ్య భాగం 72.5 మీటర్ల పొడవు, 17 మీటర్లు పైకి లేస్తుంది, లేచాక నీటి మీద నుంచి 22 మీటర్ల ఖాళీ వస్తుంది. ఆ 22 ఎందుకు పెట్టారంటే రోడ్డు వంతెన కింద ఖాళీ కూడా అంతే కాబట్టి. రైలు వంతెనని ఇంకా ముప్పై మీటర్లు పైకి లేపినా ప్రయోజనం లేదు, పక్కనున్న రోడ్డు వంతెనకి ఓడ తల కొట్టుకుంటుంది. పెద్ద సరుకు ఓడ నీటి మీద నుంచి మాస్టు కొన దాకా నలభై, యాభై మీటర్లుంటుంది. కాబట్టి కింద గడప, పైన దూలం, రెండూ అడ్డమే.

మరి కొత్త వంతెన వల్ల మారింది ఏంటి? మారింది చాలానే, కానీ ఓడల సైజు కాదు. 1914 ఫిబ్రవరిలో మొదలైన పాత వంతెనకి మధ్యలో షెర్జర్ స్పాన్ ఉండేది, రెండు రెక్కలు రెండు వైపులా పైకి తెరుచుకునేవి. దాన్ని మనుషులు చేతులతో తిప్పేవాళ్లు, ఒక్కో వైపు కొందరు నిలబడి లివర్లు తోసుకుంటూ గుండ్రంగా తిరుగుతుంటే రెక్క మెల్లగా లేచేది. ముప్పావు గంట దాకా పట్టేది. మేము కింద ఇంజిన్లు ఐడిల్‌లో పెట్టుకుని నీటి లాగుడికి కొట్టుకుపోకుండా ముందుకీ వెనక్కీ ఆడుకుంటూ ఆ మనుషుల్నే చూస్తూ ఉండేవాళ్లం. కొత్తది 2025 ఏప్రిల్ 6న, శ్రీరామనవమి రోజున ప్రారంభించారు. మోటార్లతో ఐదారు నిమిషాల్లో లేస్తుంది. పాత వంతెన మీద రైళ్లు 2022 డిసెంబరులోనే ఆపేశారు, ఉప్పుగాలికి ఇనుము తినేసింది. ఆ తినెయ్యడం ఎలాంటిదో మాకు బాగా తెలుసు, అక్కడ నాలుగు రోజులు లంగరేస్తే డెక్ మీద కొత్త బోల్టులకి కూడా ఎర్ర పొడి పట్టేది.

వంతెన మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పి ముందుకెళ్తాను. 1964 డిసెంబరు 22 రాత్రి తుఫానుకి పాత వంతెన గర్డర్లు వందకు పైగా సముద్రంలో పడ్డాయి, ధనుష్కోడి వెళ్తున్న పాసింజరు రైలు మొత్తం కొట్టుకుపోయి అందులో ఉన్న వంద మందికి పైగా పోయారు. షెర్జర్ స్పాన్ మాత్రం నిలబడింది. తర్వాత ఢిల్లీ మెట్రోతో పేరు తెచ్చుకున్న శ్రీధరన్ అప్పటికి కుర్ర ఇంజనీరు, 46 రోజుల్లో వంతెనని మళ్లీ నిలబెట్టారు, సముద్రం అడుగున పడిన గర్డర్లనే వెతికి లేపి వాడుకున్నారు. మన సావిత్రి, జెమినీ గణేశన్ కూడా ఆ తుఫాను రోజు రామేశ్వరంలోనే చిక్కుకున్నారు. తమిళ వాళ్లలో పెద్ద వయసువాళ్లని కదిపితే ఇప్పటికీ ముందు ఆ ముచ్చటే వస్తుంది. ధనుష్కోడి మాత్రం మళ్లీ ఊరు కాలేదు.

ఇప్పుడు అసలు అక్కడ దాటడం ఎలా ఉంటుందో చెప్తాను, మీ బావగారికి ఇదే కావాల్సింది.

ఉత్తరం నుంచి వచ్చే పడవ కోడియక్కరై దాటి పాక్ బేలోకి దిగి పాంబన్‌కి ఉత్తరాన లంగరేస్తుంది. పోర్టు ఆఫీసుకి కాగితాలు పంపాలి, ఫీజు కట్టాలి. వాళ్లు రైల్వేకి చెప్తారు. రైల్వే తన రైళ్లు చూసుకుని, గాలి చూసుకుని టైము ఇస్తుంది. గాలి ఎక్కువైతే రైళ్లే ఆపేస్తారు, పాత వంతెన మీద గంటకి 58 కిలోమీటర్లు దాటితే సిగ్నల్ ఎర్రగా అయిపోయేది, ఆ కొలిచే యంత్రం వంతెన మీదే ఉండేది. మీ ఒక్క పడవ కోసం వంతెన లేపరు, నాలుగైదు పడవలు చేరాక లేపుతారు. కాబట్టి ఈరోజే దాటతామనే లెక్కతో డీజిలు, మంచినీళ్లు, బియ్యం పెట్టుకుని వెళ్లకండి, రెండు మూడు రోజులు ఆగినా సరిపోయేలా పెట్టుకోండి. మాకొకసారి ఇటు గాలి, అటు రైల్వే పని రెండూ కలిసొచ్చి లంగరు మీదే పడుకున్నాం, బార్జి ఓనరు మాత్రం ఒడ్డు నుంచి గంటకోసారి ఫోను, "ఇంకా దాటలేదా" అని. సముద్రం చూడని మనిషికి ఫోన్‌లో ఏం చెప్తాం.

ఒంటరిగా తెలివి చూపించకండి. అక్కడి పైలట్‌ని ఎక్కించుకోండి. అవసరమే లేదనిపించే చిన్న బోటైనా సరే, ముందు పోతున్న తెలిసిన బోటు వెనకాలే వెళ్లండి. వంతెన స్తంభాల మధ్య సందు చూసి గురిపెడితే సరిపోతుందనుకుంటారు కొత్తవాళ్లు, అసలు ఇబ్బంది ఆ సందుకి ముందూ వెనకా ఉంటుంది. తవ్విన కాలువ సన్నం, పక్కకి జరిగితే రాయి, అది నీటి మీద నుంచి కనపడదు.

ఇక నీటి లాగుడు. పాక్ బేలో నీళ్లు, మన్నార్‌లో నీళ్లు ఒకే మట్టంలో ఉండవు, గాలి ఎటు తోస్తే అటు పోగవుతాయి. ఈశాన్య రుతుపవనాల కాలంలో నీళ్లు ఉత్తరం నుంచి దక్షిణానికి పాంబన్ సందులోంచి దూసుకొస్తాయి. నైరుతి కాలంలో దక్షిణం నుంచి ఉత్తరానికి. అంత నీరు అంత సన్నటి సందులోంచి పోవాలి కాబట్టి ఆ చోట లాగుడు గట్టిగా ఉంటుంది. లాగుడుతో పాటు వెళ్తే పడవ వేగంగా పోతుంది, చూడ్డానికి సుఖంగానే ఉంటుంది, కానీ చుక్కాని పట్టు తగ్గుతుంది. ఎదురు లాగుడులో వెళ్తే మెల్లగా వెళ్తాం, కానీ పడవ చెప్పిన మాట వింటుంది. నన్నడిగితే ఎదురు లాగుడే మేలు. తోసుకుపోయే నీటిలో ముందు బోటుకి దగ్గరగా వెళ్లడం అన్నింటికన్నా ప్రమాదం, ముందువాడి ఇంజిన్ ఆగిందంటే మీరు ఆపలేరు. ఒకసారి మా ముందు వెళ్లిన రెండు ట్రాలర్లు అలాగే రాసుకున్నాయి, అదృష్టం కొద్దీ చెక్కలు లేచిపోవడంతో ఆగింది.

ధనుష్కోడి వెళ్లినప్పుడు మీరు గమనించే ఉంటారు, రోడ్డుకి ఒక పక్క సముద్రం చెరువులా ఉంటే ఇంకో పక్క కెరటాలు విరుచుకుపడుతుంటాయి. అక్కడివాళ్లు ఆడ సముద్రం, మగ సముద్రం అంటారు. పాక్ బే వైపుది ఆడ సముద్రమట. నైరుతి గాలి ఉన్నప్పుడు ఆ మాట నిజంలాగే కనిపిస్తుంది, కానీ నవంబరు, డిసెంబరుల్లో వెళ్లి చూడండి, అది తిరగబడుతుంది, ఉత్తరం పక్క కూడా తక్కువేం తినదు. పాక్ బే లోతు తక్కువ కాబట్టి కెరటం పొట్టిగా, నిటారుగా, వెంటవెంటనే వస్తుంది. పొడుగాటి కెరటం మీద పడవ ఎక్కి దిగుతుంది, ఈ పొట్టి కెరటం మాత్రం కొడుతూనే ఉంటుంది, రాత్రంతా కంటి మీద కునుకుండదు.

బార్జిలతో ఇంకో తలనొప్పి ఉంటుంది, ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే గడప, దూలం అని పైన చెప్పింది నిజంగా ఎలా పట్టుకుంటుందో ఇందులో తెలుస్తుంది. క్రేన్ ఉన్న బార్జి ఖాళీగా ఉంటే నీటి మీద తేలిపోతుంది, డ్రాఫ్టు తక్కువ, రాయికి తగిలే భయం లేదు. కానీ తేలింది కాబట్టి క్రేన్ కొన ఇంకా పైకి వెళ్తుంది, రోడ్డు వంతెన కింద పట్టదు. సరే ట్యాంకుల్లో నీళ్లు నింపి కిందికి దించుదామంటే డ్రాఫ్టు పెరుగుతుంది, అడుగున రాయి దగ్గరవుతుంది. రెంటి మధ్యా బిగుసుకుపోతాం. దీనికి మందు ఒకటే, క్రేన్ బూమ్‌ని దించి డెక్ మీద పడుకోబెట్టి కట్టెయ్యడం, అదీ కాకినాడలో ఉండగానే, పాక్ బేలో కెరటం మీద కాదు. డ్రాయింగులో రాసిన ఎత్తుని ఎప్పుడూ నమ్మలేదు నేను, ఆ ఎత్తు ఏ డ్రాఫ్టు దగ్గర కొలిచారో అందులో ఉండదు. నీటి గీత దగ్గర నుంచి టేపు పట్టి కొలిపించేవాణ్ణి. మీ బావగారి బోటుకి ఇంత గొడవ లేదు, కానీ ఎవరైనా సెయిలింగ్ యాట్ కొని తెస్తుంటే మాస్టు ఎత్తు ముందు చూసుకోండి.

టో వైరు, అంటే బార్జిని లాగే ఇనుప తాడు, కూడా పొట్టి చేసుకోవాలి. బయట సముద్రంలో బార్జి టగ్‌కి చాలా దూరంగా ఉంటుంది, ఆ పొడవుతో ఇక్కడికి వస్తే టగ్ అటు దాటినా బార్జి ఇటు పక్కకి కొట్టుకుపోయి స్తంభానికి తగులుతుంది. దగ్గరికి లాక్కుని, వెనక ఇంకో పడవని కట్టి పట్టుకోమని చెప్పేవాళ్లం.

ఇక లోడుతో ఉన్న బార్జి అయితే? నాలుగు మీటర్ల డ్రాఫ్టుతో ఒకటి కేరళ తీసుకెళ్లమని మా కంపెనీ అడిగింది, పాంబన్ మీదుగా వెళ్తే డీజిలు మిగులుతుందని. కుదరదన్నాను, శ్రీలంక చుట్టూ తిప్పాను. బట్టికలోవా బయట నుంచి కిందికి దిగి, గ్రేట్ బేసెస్, లిటిల్ బేసెస్ రాళ్లకి దూరంగా జరిగి, శ్రీలంక దక్షిణ కొన దొండ్రా హెడ్ చుట్టి గాల్ రేవు మీదుగా కన్యాకుమారి వైపు. దారి ఎక్కువే, కానీ కింద నీళ్లు వందల మీటర్లు. దొండ్రా దగ్గర ప్రపంచం మొత్తం ఓడలు పోతున్నట్టుంటుంది, సూయెజ్ వైపు నుంచి సింగపూర్ పోయేవన్నీ ఆ మూల మీదుగానే. వాటి మధ్య బార్జిని లాక్కుంటూ వెళ్లడం టెన్షన్ పనే, అయినా రాయి మీద కూర్చోవడం కన్నా నయం.

ఇప్పుడు సేతుసముద్రం ఓడల కాలువ గురించి అడగకుండా ఉండరు మీరు, కింద కామెంట్లలో గొడవ కూడా అదే అవుతుంది, కాబట్టి నా అభిప్రాయం ఇక్కడే చెప్పేస్తాను. ఇక్కడ కాలువ తవ్వాలన్న ఆలోచన కొత్తది కాదు, 1860లోనే టేలర్ అనే బ్రిటిష్ నౌకాదళ అధికారి ప్రతిపాదించాడు. 2005 జులైలో పనులు మొదలుపెట్టారు, అంచనా 2,427 కోట్లు. గమనించండి, ఆ కాలువ పాంబన్ మీదుగా కాదు, ధనుష్కోడి అవతల రామసేతు గుండా. మొత్తం 167 కిలోమీటర్లు, అందులో రామసేతు వైపు 35, పాక్ జలసంధి వైపు 54 తవ్వాలి, మధ్యలో 78 సహజంగా సరిపోతుంది. 300 మీటర్ల వెడల్పు, 12 మీటర్ల లోతు. నేను పైన చెప్పిన గడప మాట ఈ లెక్కల్లోనే కనిపిస్తుంది, అరవై కిలోమీటర్ల వెడల్పున్న పాక్ జలసంధిని కూడా 54 కిలోమీటర్లు తవ్వాల్సి వచ్చింది. 2007లో సుప్రీంకోర్టు రామసేతు దగ్గర తవ్వకం ఆపమంది, తర్వాత వేరే దారి చూడమని వేసిన పచౌరీ కమిటీ అది లాభదాయకం కాదని చెప్పింది. 2023 జనవరిలో తమిళనాడు అసెంబ్లీ మళ్లీ మొదలుపెట్టమని తీర్మానం చేసింది. అంతవరకే.

భక్తి సంగతి, కోర్టు సంగతి పక్కన పెట్టి ఓడవాడిగా చెప్పమంటే, నాకు ఆ కాలువ మీద ఎప్పుడూ నమ్మకం లేదు. తూత్తుకుడి నుంచి చెన్నై వెళ్లే ఓడకి 400 నాటికల్ మైళ్లకు పైగా మిగులుతాయని చెప్పారు, అది నిజమే, కానీ అది చాలా మంచి ఉదాహరణ ఏరుకుని చెప్పడం. సూయెజ్ నుంచి కోల్‌కతా వెళ్లే ఓడకి మిగిలేది అంత ఉండదు, పైగా కాలువలోకి రాగానే వేగం సగానికి తగ్గించాలి, పైలట్ కోసం ఆగాలి, టోల్ కట్టాలి. అవన్నీ కలిపితే కెప్టెన్ శ్రీలంక చుట్టే వెళ్తానంటాడు. పైగా 12 మీటర్ల కాలువలో మన గంగవరానికి వచ్చే కేప్‌సైజ్ ఓడ దూరనే దూరదు, అది 18 మీటర్లు దిగుతుంది. ఇక ఇసుక. ఏటా రెండు రుతుపవనాలూ ఇసుకని అటూ ఇటూ మోస్తూనే ఉంటాయి, తవ్వడం ఒకసారితో అయిపోయే పని కాదు, ఏటా తవ్వాలి. పక్కనే 21 దీవుల మన్నార్ మెరైన్ నేషనల్ పార్కు ఉంది, పగడపు దిబ్బలు, సముద్రపు గడ్డి మేసే డ్యూగాంగులు ఉన్న చోటు. తవ్విన బురద మట్టి అక్కడికి చేరితే గడ్డి మీదికి వెలుతురు పోదు. అక్కడి చేపలవాళ్లు ఆ రోజుల్లో గట్టిగా వ్యతిరేకించింది కూడా ఇందుకే, వాళ్లకి రాజకీయం కన్నా వల ముఖ్యం. నాతో వాదించేవాళ్లు ఉంటారు, వాదించండి, కానీ లోతు లెక్క ముందు పెట్టుకుని వాదించండి.

సరే, మీ బావగారి దగ్గరికి వద్దాం.

నెల: ఫిబ్రవరి, మార్చి. ఈశాన్య గాలి తగ్గుతుంది, నైరుతి ఇంకా మొదలవదు, తుఫాన్ల భయం తక్కువ. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో వేట నిషేధం, ఆ టైములో మరబోటుతో తిరుగుతుంటే ప్రతి చోటా ఆపి అడుగుతారు. పడమటి తీరంలో నిషేధం జూన్ 1 నుంచి జులై 31 వరకు, అప్పుడు అటు చేరినా కట్టేసి కూర్చోవడమే. అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య మాత్రం వద్దు, ఎవరెంత ధైర్యం చెప్పినా వద్దు.

కాగితాలు: బోటు కొన్నారంటే రిజిస్ట్రేషన్ పేరు మార్పు అయిపోయాకే కదలండి. పాత ఓనరు పేరు మీదున్న కాగితంతో వేరే రాష్ట్రం నీళ్లలో పట్టుబడితే మీ బావగారే దొంగ అవుతారు. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల దాకా చేపల వేట మీద పెత్తనం ఆయా రాష్ట్రానిది, కేరళలో వేట చెయ్యాలంటే కేరళ మత్స్యశాఖ దగ్గర లైసెన్సు వేరే తీసుకోవాలి, మన ఆంధ్ర లైసెన్సు అక్కడ చెల్లదు. ఈ పని అయ్యేదాకా బోటు తీసుకెళ్లి ఉపయోగం లేదు. చాలామంది బోటు ముందు పంపి కాగితాల కోసం తర్వాత తిరుగుతారు, హార్బర్ అద్దె కడుతూ.

సరిహద్దు: ఇది అన్నింటికన్నా ముఖ్యం. కోడియక్కరై నుంచి పాంబన్ దాకా వచ్చేటప్పుడు ఎడమ చేతి వైపు శ్రీలంక సరిహద్దు చాలా దగ్గర. 1974 ఒప్పందంలో గీసిన గీత కచ్చతీవుకి ఇటు పక్క నుంచే పోతుంది, ఆ దీవి శ్రీలంక వైపు ఉంది. నీటి మీద గీత కనపడదు, రాత్రి నీటి లాగుడికి జరిగిపోతారు, తెల్లారేసరికి శ్రీలంక నేవీ పక్కన ఉంటుంది. మేము వేట కాదండి, ఊరికే దాటి వెళ్తున్నామని తెలుగులో చెప్పినా తమిళంలో చెప్పినా వాళ్లకి వల కనపడితే చాలు. జీపీఎస్‌లో గీత ముందే పెట్టుకోండి, మన తీరం వైపు ఒదిగి రండి, రాత్రిపూట లంగరేసి ఆగిపోండి. వలలు హోల్డ్‌లో పెట్టి మూసెయ్యండి. వీహెచ్‌ఎఫ్ రేడియోలో 16వ ఛానల్, అత్యవసరానికి వాడేది, ఆపకండి. రాత్రి ఆగమనడానికి ఇంకో కారణం, పాక్ బే నిండా వలలుంటాయి, ఎవరి వలో మీ ప్రొపెల్లర్‌కి చుట్టుకుంటే బోటూ ఆగుతుంది, గొడవా మొదలవుతుంది.

మనుషుల విషయం, తమిళం వచ్చిన ఒక సరంగుని కనీసం నాగపట్నం నుంచి ఎక్కించుకోండి. అక్కడి బోట్లు చాలా పాంబన్ దాటి కేరళ వైపు వేటకి వెళ్తుంటాయి, దారి తెలిసినవాళ్లు దొరుకుతారు. మనవాళ్లు ఎంత అనుభవం ఉన్నవాళ్లైనా నిజాంపట్నం కాలువ వేరు, పాంబన్ రాయి వేరు.

మీకు వంతెన లేచేటప్పుడు చూడాలని ఉంటే, రైల్లో ఉండి చూడలేరు కదా, రోడ్డు వంతెన మీద నుంచి చూడాలి. బండి ఎక్కడ పడితే అక్కడ ఆపకండి, పోలీసులు ఊరుకోరు. పోర్టు ఆఫీసులో అడిగితే ఆ రోజు పడవలు దాటుతాయో లేదో చెప్తారు.

బోటు పొడవు, లోడుతో డ్రాఫ్టు, ఇంజిన్ హార్స్‌పవర్ ఇక్కడ రాస్తే ఎక్కడెక్కడ ఆగి డీజిలు పట్టాలో చెప్తాను. డ్రాఫ్టు మాత్రం అమ్మినాయన చెప్పింది కాకుండా మీరే కొలిచి రాయండి.